వాగ్దానం కార్డు వెనక ఉన్న నిబంధన

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం, అంటే కొత్త ఏడాదికి దేవుడి మాటగా ఒక బైబిలు వచనం, ఇవ్వకుండా ఇంటికి పంపే తెలుగు సంఘాలు తక్కువ. కొన్నిచోట్ల కాపరి సంఘమంతటికీ ఒకే వచనం ప్రకటిస్తారు. కొన్నిచోట్ల పళ్లెంలో పోసిన కార్డుల్లోంచి ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఆ కార్డు బైబిల్లో దాచుకుంటారు, బీరువాకు అంటిస్తారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు. కష్టం వచ్చిన రోజున దాన్ని ఎత్తిపట్టి ప్రార్థిస్తారు. ఈ అలవాటును తీసిపారేయాలని నేననను. మన దేవుడు మాట ఇచ్చే దేవుడు, ఇచ్చిన మాటను పట్టుకుని అడిగేవాళ్లంటే ఆయనకు ఇష్టం. కీర్తనల గ్రంథం నిండా ఉన్నవి అలాంటి ప్రార్థనలే.

అయితే బైబిల్లో వాగ్దానం ఒంటరిగా ఉండదు, ఏదో ఒక నిబంధన, అంటే దేవుడు మనుషులతో చేసిన ఒప్పందం, లోపల ఉంటుంది. ఆ నిబంధన ఎవరితో జరిగింది, నిలబెట్టే బాధ్యత ఎవరిది, షరతు ఏమిటి, గడువు ఎంత అన్నవి దాని చుట్టూ రాసే ఉంటాయి. పొలం కొనేవాళ్లు దస్తావేజులో ఒక్క లైను చూసి డబ్బు కట్టరు. ఎవరి పేరున ఉంది, హద్దులేమిటి, మెలికలేమైనా ఉన్నాయా అని మొత్తం చదివించుకుంటారు. వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఒక్క లైనే కత్తిరించి కార్డు మీద అచ్చు వేయిస్తున్నాం. ఏడాది తిరిగేసరికి అది నెరవేరకపోతే విశ్వాసికి రెండే దారులు కనిపిస్తాయి: దేవుడు మాట తప్పాడనుకోవడం, లేదా తన విశ్వాసం చాలలేదనుకోవడం. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. ఆ మాట ఆ రూపంలో మనకు ఇవ్వలేదు, అంతే.

నిబంధనలన్నీ ఒకే తీరువి కావు. ఇది తెలియాలంటే రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి: ఆదికాండము 15, నిర్గమకాండము 24.

ఆదికాండము 15లో అబ్రాముకు ఇంకా పిల్లలు లేరు. దేశం ఇస్తానని దేవుడు అన్నప్పుడు, అది నాకెలా తెలుస్తుంది అని అడుగుతాడు. దేవుడు మూడేళ్ల పెయ్యను, మూడేళ్ల మేకను, మూడేళ్ల పొట్టేలును, ఒక తెల్లగువ్వను, ఒక పావురపు పిల్లను తెమ్మంటాడు. అబ్రాము జంతువులను నడిమికి రెండుగా ఖండించి ఎదురెదురుగా పెడతాడు, పక్షులను మాత్రం ఖండించడు. గద్దలు వాలితే తోలేస్తాడు. అప్పట్లో ఒప్పందం చేసుకునేవాళ్లు ఆ ఖండాల మధ్య నడిచేవారు. మాట తప్పితే నాకూ ఈ గతే పట్టాలి అని దాని భావం. ఇది మనం ఊహించి చెప్పుకునేది కాదు. యిర్మీయా 34లో సిద్కియా రాజు కాలపు యెరూషలేము పెద్దలు దూడను రెండుగా కోసి మధ్యగా నడిచి, దాసులను విడిపిస్తామని ఒప్పుకుని, మళ్లీ వాళ్లను పట్టి దాసులుగా చేసుకున్నందుకు దేవుడు ఆ శాపాన్నే వాళ్ల మీదికి రప్పిస్తానంటాడు.

మరి ఆదికాండము 15లో ఆ ఖండాల మధ్య నడిచిందెవరు? అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. చీకటి పడ్డాక "రాజుచున్న పొయ్యియు అగ్నిజ్వాలయు" నడిచిపోయాయి. అంటే దేవుడు ఒక్కడే నడిచాడు, అబ్రాము నడవలేదు. ఈ నిబంధన భారమంతా ఇచ్చినవాడి మీదే ఉంది. అబ్రాము హాగరు అనే దాసి ద్వారా బిడ్డ కోసం సొంత ప్రయత్నం చేసినా, ఆ తర్వాత గెరారులో భార్యను చెల్లెలని చెప్పినా అది రద్దు కాలేదు. 75 ఏళ్లప్పుడు పిలుపు అందింది, ఇస్సాకు పుట్టింది 100 ఏళ్లప్పుడు. మధ్యలో 25 సంవత్సరాలు. వాగ్దానం కార్డుకు ఒక్క ఏడాది గడువు పెట్టే మనం ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

నిర్గమకాండము 24 వేరు. సీనాయి కొండ కింద మోషే బలిపీఠం కట్టి, పన్నెండు గోత్రాలకు పన్నెండు స్తంభాలు నిలిపి, బలి రక్తంలో సగం బలిపీఠం మీద ప్రోక్షిస్తాడు. నిబంధన గ్రంథం చదివి వినిపిస్తాడు. యెహోవా చెప్పినవన్నీ చేస్తాం, లోబడతాం అని ప్రజలు నోటితో ఒప్పుకుంటారు. అప్పుడు మిగతా సగం రక్తం ప్రజల మీద ప్రోక్షిస్తాడు. ఇక్కడ రెండు పక్షాలూ కట్టుబడ్డాయి. అంతకు ముందు 19వ అధ్యాయంలోనే షరతు స్పష్టంగా ఉంది: నా మాట విని నా నిబంధన ప్రకారం నడిస్తే మీరు నాకు స్వకీయ సంపాద్యం, అంటే సొంత ఆస్తి, అవుతారు. కృప లేదని కాదు. పది ఆజ్ఞలకు ముందే "ఐగుప్తు నుంచి మిమ్మల్ని రప్పించాను" అనే మాట ఉంది, విడుదల ముందు, ఆజ్ఞలు తర్వాత. కానీ ఆ దేశంలో నిలిచి ఉండటం, పంట, వాన, ఆరోగ్యం, శత్రువు మీద గెలుపు, ఇవన్నీ విధేయతకు ముడిపడి ఉన్నాయి.

ఆ ముడి ఎంత గట్టిదో ద్వితీయోపదేశకాండము 28 చూపిస్తుంది. మన సంఘాల్లో ఎక్కువగా వినిపించే వాగ్దానం అక్కడిదే: "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు". అప్పిస్తావు గాని అప్పు చేయవు అన్నది కూడా అక్కడిదే. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. మొదటి 14 ఆశీర్వాదాలు, మిగిలిన 54 శాపాలు. 44వ వచనం చదవండి, అదే తల, అదే తోక తిరగబడి వస్తాయి: పరదేశి నీకు అప్పిస్తాడు గాని నువ్వు అతనికి అప్పివ్వలేవు, అతడు తల, నువ్వు తోక. ఒకే నిబంధన, ఒకే షరతు, రెండు వైపులు. 13వ వచనాన్ని కార్డు మీద వేసుకుని 44ను వదిలేయడానికి మనకు ఏ అధికారం ఉంది? 27వ అధ్యాయంలో ఆరు గోత్రాలు గెరిజీము కొండ మీద దీవెన కోసం, ఆరు గోత్రాలు ఏబాలు కొండ మీద శాపం కోసం నిలబడాలని ఉంది. లేవీయులు పన్నెండు శాపాలు ఒక్కొక్కటిగా పలుకుతుంటే ప్రజలందరూ ఆమేన్ అనాలి. ఈ రెండు కొండలూ నేటి నబ్లుస్ పట్టణానికి అటూ ఇటూ ఉన్నాయి. దీవెనకు మాత్రమే ఆమేన్ అనే ఏర్పాటు అక్కడ లేదు.

ఆ శాపాల కింద ఇశ్రాయేలు నిజంగానే కూలింది. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది. సీనాయి నిబంధనలో లోపం దేవుని వైపు లేదు. మనిషి గుండెలో ఉంది. అందుకే యిర్మీయా 31:31–34లో క్రొత్త నిబంధన మాట వస్తుంది: ధర్మశాస్త్రం రాతిపలకల మీద కాక హృదయం మీద రాయడం, అల్పులు మొదలు ఘనుల వరకు అందరూ దేవుణ్ని ఎరగడం, పాపాలను ఇక ఎన్నడూ జ్ఞాపకం చేసుకోకపోవడం. ఈ భాగాన్ని హెబ్రీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయం మొత్తంగా ఎత్తి రాసింది. క్రొత్త నిబంధన గ్రంథంలో పాత నిబంధన నుంచి తీసుకున్న భాగాల్లో ఇంత పొడవైనది మరొకటి లేదు. ప్రభువు బల్ల దగ్గర మనం ప్రతిసారీ వినే మాట, "ఈ గిన్నె మీకొరకు చిందింపబడుచున్న నా రక్తము వలననైన క్రొత్త నిబంధన", ఆ యిర్మీయా మాటకే నెరవేర్పు. ఆదికాండము 15లో ఒక్కడే ఖండాల మధ్య నడిచిన దేవుడు, సిలువ మీద ఆ ఖండించబడ్డ బలి స్థానంలోకే వచ్చాడు. తప్పింది మనం, తెగింది ఆయన.

కాబట్టి పాత నిబంధన వాగ్దానం ఏదైనా క్రైస్తవుడి చేతికి క్రీస్తు మీదుగానే రావాలి. 2 కొరింథీయులకు 1:20 ఇదే చెబుతుంది: దేవుని వాగ్దానాలు ఎన్ని ఉన్నా అన్నీ క్రీస్తులోనే అవును అన్నట్టుగా ఉన్నాయి. చాలామంది ఈ వచనాన్ని "ఏ వచనమైనా నాదే" అనడానికి వాడతారు. పౌలు మాటలో బరువంతా "క్రీస్తునందు" అన్నచోట ఉంది. గలతీయులకు 3వ అధ్యాయం దాన్ని విడమరిచి చెబుతుంది. అబ్రాహాముతో (అబ్రాముకు దేవుడు తర్వాత పెట్టిన పేరు ఇది) ముందే స్థిరపరచిన నిబంధనను, 430 ఏళ్ల తర్వాత వచ్చిన ధర్మశాస్త్రం కొట్టివేయలేదు. ధర్మశాస్త్రపు శాపాన్ని క్రీస్తు మోశాడు. దాని ఫలితంగా అబ్రాహాము ఆశీర్వాదం అన్యజనులకు వచ్చింది. ఆ ఆశీర్వాదం ఏమిటో 14వ వచనమే చెబుతోంది: "ఆత్మనుగూర్చిన వాగ్దానము". పౌలు ఇక్కడ పొలాలు, పశువులు, వెండి బంగారాలు అనలేదు. అబ్రాహాము ఆశీర్వాదాలు అంటూ కార్లు, ఇళ్లు, వీసాలు ప్రకటించేవాళ్లు గలతీయులకు 3:14 దగ్గర ఆగి సమాధానం చెప్పాలి.

నోవహు నిబంధన ఒక్కటి అందరిదీ. అది సమస్త జీవులతో చేసినది, దానికి గుర్తు మేఘంలో ధనుస్సు. విత్తే కాలం, కోత కాలం ఆగవన్న మాట మీదే ప్రతి రైతూ, ఆయన ఏ దేవుణ్ని మొక్కినా, నారు పోస్తున్నాడు. దావీదు వంశానికి నిత్య సింహాసనం ఇస్తానన్న దావీదు నిబంధన క్రీస్తు సింహాసనం దగ్గర నెరవేరింది. లూకా 1:32–33లో గబ్రియేలు మరియతో అన్న మాట చూస్తే చాలు.

ఇప్పుడు ఒక కార్డును చేతిలోకి తీసుకుందాం. యిర్మీయా 29:11. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును... సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." డిగ్రీ పూర్తిచేసిన పిల్లలకు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఎక్కువగా ఇచ్చే వచనం ఇదే.

ముందుగా, ఎవరితో అన్నాడు? ఇది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో రాజైన యెకోన్యాతో పాటు బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి, ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేత పంపించాడు. "మిమ్మును" అన్నది చెరలో ఉన్న జనమంతటినీ కలిపి. ఒక్కొక్కరి ఉద్యోగం, పెళ్లి, ఇల్లు అన్న లెక్కన కాదు.

రెండోది, ఎందుకు అనాల్సి వచ్చింది? 28వ అధ్యాయం చదవకుండా 29 అర్థం కాదు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, అందరూ తిరిగి వస్తారు అని మందిరంలో ప్రకటించాడు. జనం వినాలనుకున్న వాగ్దానం అదే. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. అది అబద్ధ వాగ్దానమని దేవుడు చెప్పాడు, హనన్యా ఆ ఏడాదే ఏడవ నెలలో చనిపోయాడు. ఏడాదికో కొత్త వాగ్దానం ప్రకటించే బోధకులందరూ ఏటా ఒకసారి చదవాల్సిన అధ్యాయం ఇది. దేవుడి పేరుతో త్వరగా వచ్చే మేలును ప్రకటించి జనాన్ని సంతోషపెట్టడం చిన్న తప్పు కాదు.

మూడోది, గడువు. పక్కనే ఉన్న 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది. ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ల మనిషి తిరుగు ప్రయాణం చూడడు. యూదులు తిరిగి వెళ్లవచ్చన్న పర్షియా రాజు కోరెషు శాసనం క్రీ.పూ. 538లో వచ్చింది. ఈ వచనం మొదటిసారి విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోను మట్టిలోనే కలిశారు. అయినా వాగ్దానం తప్పలేదు, వాళ్ల మనవలు వెళ్లారు.

నాలుగోది, ఈలోగా ఏం చేయాలి? 5 నుంచి 7 వరకు వచనాలు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేయండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగు విశ్వాసులకు 11 కంటే ఈ మూడు వచనాలే సూటిగా తగులుతాయని నా అభిప్రాయం. తాత్కాలికమే కదా అని ఏ సంఘంలోనూ వేరూనకుండా, ఉన్న ఊరి మేలు పట్టించుకోకుండా గడిపే సంవత్సరాలకు ఇది మందు.

చివరికి, క్రీస్తులో ఇది మనకు ఎలా వస్తుంది? 1 పేతురు మొదటి అధ్యాయం విశ్వాసులను చెదిరిపోయి యాత్రికులుగా ఉన్నవాళ్లని పిలుస్తుంది, వాళ్లకు పరలోకంలో భద్రపరచిన స్వాస్థ్యం ఉందంటుంది. తన ప్రజల గురించి దేవుని తలంపు చివరికి మేలే. ఆ మేలు మన ఆయుష్షు కంటే పెద్దది కావచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లే అబ్బాయికి ఈ వచనం ఇవ్వొచ్చు. "ఈ ఉద్యోగం ఖాయం" అని మాత్రం దాన్ని తిప్పకూడదు. "ఇది వచ్చినా రాకపోయినా ఆయన తన ప్రజలను వదిలిపెట్టడు" అని చెబితే అది యిర్మీయా చెప్పిన మాటే అవుతుంది.

పాత వాగ్దానాన్ని మనకు ఎలా అన్వయించాలో బైబిలే ఒకచోట చేసి చూపించింది. యెహోషువ 1:5లో దేవుడు ఒక మనిషితో, ఒక యుద్ధం ముందు, నిన్ను విడువను ఎడబాయను అన్నాడు. హెబ్రీయులకు 13:5 ఆ మాటనే క్రైస్తవులందరి ముందు పెడుతుంది. దేనికి వాడిందో గమనించండి: "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి". యెహోషువకు కనానును స్వాధీనం చేసుకోవడానికి ఇచ్చిన మాట, మనకు ఉన్నదానితో తృప్తిపడటానికి వచ్చింది. ఆ పత్రిక అందుకున్నవాళ్లు తమ ఆస్తి దోచుకుంటుంటే సంతోషంగా సహించినవాళ్లని 10:34లో ఉంది. వాగ్దానం మారలేదు, దేవుడు తోడుండటమే దాని సారం. దేశాన్ని గెలుచుకోవడం ఆనాటి సందర్భం. సారాన్నీ సందర్భాన్నీ ఇలా విడదీసి చూడటం అలవాటైతే సగం పొరపాట్లు పోతాయి.

మలాకీ 3:10 దగ్గర ఆ విడదీయడం ఎవరూ చేయరు, అందుకే అక్కడ ఎక్కువ హాని జరుగుతోంది. పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెండి, ఆకాశపు వాకిండ్లు విప్పుతాను. ఆకాశపు వాకిండ్లంటే వాన. తర్వాతి వచనంలో గద్దిస్తానన్నది పంటను తినేసే పురుగులను. ఇవి ద్వితీయోపదేశకాండము 28లోని దీవెనలూ శాపాలే, సీనాయి నిబంధన భాషే. మందిరపు నిధి అంటే ధాన్యం, నూనె, ద్రాక్షారసం నిల్వచేసే గదులు. లేవీయులకు భూమి వాటా లేదు కాబట్టి వాళ్లు బతికేది దాని మీదే. నెహెమ్యా 13లో ఆ వాటా ఆగిపోయి లేవీయులు తమ పొలాలకు పారిపోయారు. ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం మూడేళ్లకోసారి ఆ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్లకు, విధవరాళ్లకు పెట్టాలి. అంటే విధవరాలు దశమభాగం తినేవాళ్ల జాబితాలో ఉంది. ఈరోజు అప్పు తెచ్చి దశమభాగం కట్టమని విధవరాలిని ఒత్తిడి చేసే బోధ మలాకీ వచనాన్నే తలకిందులు చేస్తోంది.

మరి మనం ఇవ్వక్కర్లేదా? ఇవ్వాలి. 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయాలు క్రొత్త నిబంధన కింద ఇవ్వడం గురించి సుదీర్ఘంగా చెబుతాయి: హృదయంలో నిశ్చయించుకున్నంత, సణుక్కోకుండా, బలవంతం లేకుండా, ఉన్నదాన్ని బట్టి. అక్కడి ఆదర్శం మాసిదోనియ సంఘాల నిరుపేదలు. వాళ్లు పది శాతం దగ్గర ఆగలేదు. అక్కడి వాగ్దానం కూడా చూడాలి: ప్రతి మంచి కార్యం చేయగలిగేలా సమృద్ధి. ఇచ్చినవాడు ధనవంతుడవుతాడని అక్కడ లేదు, ఇంకా ఇవ్వగలడని ఉంది.

పిల్లలు లేని దంపతుల విషయం అన్నిటికంటే జాగ్రత్తగా మాట్లాడాలి. నిర్గమకాండము 23:26, ద్వితీయోపదేశకాండము 7:14 నీ దేశంలో గొడ్డుతనం ఉండదంటాయి. ఈ వచనాలను కార్డు మీద ఇచ్చి, మూడేళ్లు గడిచాక "మీలో ఏదో అడ్డు ఉంది, ఒప్పుకోండి" అనడం వింటుంటాం. ఆ వాగ్దానం సీనాయి కింద ఒక జనాంగానికి, ఒక దేశంలో ఇచ్చినది. ఆ నిబంధన కింద బతికిన ఎలీసబెతు, ఆమె భర్త జెకర్యాల గురించే లూకా 1:6 ఏమంటుందో చూడండి: ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులు, నిరపరాధులు. వెంటనే 7వ వచనం: వారికి పిల్లలు లేరు. సంతానం లేకపోవడానికి పాపం కారణమని చెప్పే నోళ్లను లూకా ముందే మూసేశాడు. క్రొత్త నిబంధన వైపు చూస్తూ యెషయా 56:4–5 నపుంసకులతో అంటుంది: నా ఇంట్లో కొడుకులు, కూతుళ్లు ఉండటం కంటే శ్రేష్ఠమైన పేరు మీకిస్తాను. అబ్రాహాము సంతానం ఇప్పుడు గర్భఫలంతో లెక్కకు రాదు, విశ్వాసంతో లెక్కకు వస్తుంది. పిల్లల కోసం ప్రార్థించాలి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి, దేవుడు ఇవ్వగలడు. ఇస్తానని ప్రతి దంపతులకూ ఆయన మాట ఇవ్వలేదు. ఇది చెప్పడం కష్టమే, కానీ లేని మాటను దేవుడి నోట పెట్టడం కంటే దయగలది.

స్వస్థత విషయమూ అంతే. రోగాలను భరించడం, గాయాల వల్ల స్వస్థత కలగడం అన్న యెషయా 53లోని మాటలను మత్తయి 8:17 యేసు చేసిన స్వస్థతలకు, 1 పేతురు 2:24 పాప విముక్తికి అన్వయించాయి. శరీర విమోచన కోసం మనం ఇంకా మూల్గుతూ కనిపెడుతున్నామని రోమీయులకు 8:23 అంటుంది. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చాడు, తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. కాబట్టి వాగ్దానం దొరికిందని బీపీ మాత్రలు, సుగర్ ఇంజెక్షన్లు, టీబీ కోర్సు మధ్యలో ఆపడం విశ్వాసం కాదు. టీబీ మందులు మధ్యలో మానేస్తే ఆ మందులకు లొంగని టీబీగా మారొచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటొచ్చు. ప్రార్థించి మాత్ర వేసుకోండి.

"నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అన్న అపొస్తలుల కార్యములు 16:31 ఫిలిప్పీ చెరసాల నాయకుడికి చెప్పినది. ఇంట్లో ఒక్కరు నమ్మితే మిగతావాళ్లు తమంతట తామే రక్షణలో ఉన్నట్టని దాని అర్థం కాదు. 32లో అందరికీ వాక్యం బోధించారు, 34లో ఇంటివారందరితో కూడా దేవునిలో విశ్వాసముంచాడని ఉంది. నమ్మని భర్త కోసమో కొడుకు కోసమో ఈ వచనంతో ప్రార్థించేవాళ్లు అదే ఊపుతో వాళ్లకు వాక్యం వినే దారి కూడా చూపాలి. ఇంటి మొత్తాన్ని దేవుడు నిబంధనలో ఎలా చూస్తాడన్న దాని మీదే శిశు బాప్తిస్మ వివాదం నడుస్తుంది. అబ్రాహాము ఇంటి మగపిల్లలకు ఎనిమిదో రోజున సున్నతి గుర్తు వేసినట్టే విశ్వాసుల పిల్లలకూ బాప్తిస్మమనే గుర్తు ఇవ్వాలని సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాలు అంటాయి. క్రొత్త నిబంధనలో అందరూ దేవుణ్ని ఎరిగినవాళ్లే కాబట్టి నమ్మినవాళ్లకే ఇవ్వాలని బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తువాళ్లు అంటారు. ఇద్దరూ వాదిస్తున్నది ఆదికాండము 17కూ యిర్మీయా 31కీ మధ్య ఉన్న సంబంధం గురించే. నేను రెండో పక్షం వాణ్ని, మొదటి పక్షాన్ని వాక్యం తెలియనివాళ్లుగా చూడటం మాత్రం అన్యాయం.

ఇశ్రాయేలు దేశం గురించిన వాగ్దానాల దగ్గరా తెలుగు విశ్వాసులు రెండుగా చీలి ఉన్నారు. గోదావరి డెల్టాలో 1836 నుంచి పనిచేసిన బ్రదరన్ మిషనరీల వారసత్వం ఉన్న సంఘాల్లో ఆ వాగ్దానాలు అక్షరాలా ఆ జనానికే నెరవేరతాయన్న బోధ బలంగా ఉంటుంది. సంస్కరణ సంప్రదాయం వాళ్లు అవి క్రీస్తులోనూ ఆయన సంఘంలోనూ నెరవేరుతున్నాయంటారు. రోమీయులకు 11 రెండు పక్షాలనూ ఒక విషయంలో కట్టేస్తుంది: సహజమైన కొమ్మలైన యూదుల మీద అడవి ఒలీవ కొమ్మలాంటి అన్యజనులు అతిశయించకూడదు, దేవుడు తన పిలుపు విషయంలో పశ్చాత్తాపపడడు. ఆ అధ్యాయం అడ్డం పెట్టుకుని ఏ ప్రభుత్వం చేసే ప్రతి పనినీ ప్రవచన నెరవేర్పు అనే అవసరం లేదు. అబ్రాహాముకు చెప్పిన మాటలో భూమి మీది సమస్త వంశాలూ ఉన్నాయి, పాలస్తీనా క్రైస్తవుల వంశాలు కూడా.

ఇక కార్డులు తయారుచేసే సంఘ పెద్దలకు కొన్ని సూచనలు. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ సంఘం 1731 నుంచి ఏటా రోజుకో వచనంతో పుస్తకం అచ్చు వేస్తోంది. వాళ్లు పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు. ఆ తర్వాత దానికి తగిన క్రొత్త నిబంధన వచనాన్ని చీటీతో కాకుండా చదివి, ఆలోచించి జతచేస్తారు. ఈ ఒక్క పద్ధతి మనం తెచ్చుకుంటే చాలా బాగుపడతాం. ద్వితీయోపదేశకాండము 28:13 వేయాలనుకుంటే పక్కన గలతీయులకు 3:13–14 వేయండి. యెహోషువ 1:5 పక్కన హెబ్రీయులకు 13:5–6. యిర్మీయా 29:11 పక్కన 1 పేతురు 1:3–5. జత దొరకని వచనాన్ని కార్డు మీద వేయకండి. వచనంలో "విడిచినయెడల", "వినినయెడల" అనే షరతు ఉంటే దాన్ని కత్తిరించకండి. 2 దినవృత్తాంతములు 7:14లో "వారి దేశమును స్వస్థపరచుదును" అన్న భాగమే అచ్చు వేసి తగ్గించుకోవడం, చెడు మార్గాలు విడవడం వదిలేస్తే అది వచనంలో సగమే. కార్డు వెనక ఖాళీలో సంఘం ఫోన్ నంబరు బదులు ఆ అధ్యాయం మొత్తం చదవమని రాయండి. జనవరి మొదటి వారం ఇంటి కూడికల్లో ఎవరి కార్డులోని అధ్యాయం వాళ్లు చదివి వినిపించేలా పెడితే ఇంకా మంచిది.

వాగ్దానం అందుకోవడంతో పాటు మనం ఒప్పుకునేది కూడా ఉండాలి. మెథడిస్టు సంప్రదాయంలో జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఉంది. చాలాచోట్ల కొత్త సంవత్సరం మొదటి ఆదివారం జరుపుతారు. అందులో సంఘమంతా కలిసి తమను తాము దేవునికి మళ్లీ అప్పగించుకుంటుంది, సుఖంలో ఉంచినా శ్రమలో ఉంచినా నీ ఇష్టమే అని ఒప్పుకుంటుంది, తర్వాత ప్రభువు బల్లలో పాలుపొందుతుంది. డిసెంబరు 31న కార్డు ఇచ్చే సంఘం జనవరి మొదటి ఆదివారం ఇలాంటిదొకటి జరిపితే నిబంధన రెండు వైపులా కనిపిస్తుంది.

వాగ్దానాన్ని ఎత్తిపట్టి ప్రార్థించడం ఎలాగో నేర్చుకోవాలంటే దానియేలు 9 చదవండి. యిర్మీయా రాసిన డెబ్బై ఏళ్లు పూర్తికావస్తున్నాయని అతడు గ్రంథంలో చూశాడు. గడువు దగ్గరపడిందని పండుగ చేసుకోలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, ధూళి తలపైన వేసుకుని, మోషే ధర్మశాస్త్రంలోని శాపం మా మీదికి న్యాయంగానే వచ్చిందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే విడుదల అడిగాడు. అడిగినప్పుడు కూడా మా నీతిని బట్టి కాదు, నీ మహా కనికరాలను బట్టి అన్నాడు. ఈ ఏడాది మీ చేతికి ఏ వచనం వచ్చినా, దాన్ని ఇచ్చిన నిబంధన ఏదో వెతికి, ఆ అధ్యాయం ముందు ఈ వరుసలోనే మోకరించండి.